కళ్ళారా చూశానన్నవాళ్ళ మీద అనుమానం

చెవితో విన్నది అబద్ధం, కంటితో చూసింది నిజం అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటుంటారు. కోర్టులు కూడా చాలాకాలం ఇదే నమ్మాయి. ఈ నమ్మకానికి అడ్డం తిరిగినవాళ్ళల్లో బాగా గట్టిగా అరిచినవాడు, బాగా తిట్లు తిన్నవాడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్. ఈయన లాయర్ కాదు, పోలీసు కాదు, హార్వర్డ్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. ఒకప్పుడు అమెరికాలో ఈయన పేరు రాని న్యూస్‌పేపర్ ఉండేది కాదంటే అతిశయోక్తి ఏమీ లేదు. ఇప్పుడు సైకాలజీ చదివేవాళ్ళు తప్ప ఎవరూ తలుచుకోరు.

1863లో బాల్టిక్ సముద్రం ఒడ్డున డాన్‌జిగ్ అనే ఊళ్ళో పుట్టారు. అప్పట్లో అది జర్మన్ల ఊరు, ఇప్పుడు గ్దాన్‌స్క్ పేరుతో పోలండ్‌లో ఉంది. నాన్న కలప వ్యాపారి, అమ్మ బొమ్మలు గీసేది. నలుగురు అన్నదమ్ములు. పన్నెండేళ్ళకే అమ్మ పోయింది, ఇంకో ఐదేళ్ళకి నాన్న కూడా పోయాడు. లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ దగ్గర సైకాలజీలో 1885లో డాక్టరేట్, తర్వాత రెండేళ్ళకి హైడెల్‌బర్గ్‌లో మెడిసిన్ డిగ్రీ. వుంట్ అంటే మనసుని ల్యాబ్‌లో పెట్టి కొలవచ్చు అని మొదలుపెట్టిన మనిషి. ఆయన శిష్యుడు కాబట్టి మున్‌స్టర్‌బర్గ్‌కి కూడా కొలతల పిచ్చి బాగా పట్టుకుంది. ఫ్రైబర్గ్‌లో జూనియర్ లెక్చరర్‌గా చేరి, యూనివర్సిటీ ల్యాబ్ ఇవ్వకపోతే సొంత డబ్బులతో తన ఇంట్లోనే ఒకటి పెట్టుకున్నారు.

1889లో పారిస్‌లో జరిగిన సైకాలజీ మహాసభలో విలియం జేమ్స్‌కి పరిచయం అయ్యారు. జేమ్స్ అప్పటికి అమెరికాలో చాలా పెద్ద పేరు. 1892లో హార్వర్డ్ ల్యాబ్ చూసుకోమని మూడేళ్ళకి పిలిపించారు. అప్పటికి మన హీరోకి క్లాసు చెప్పేంత ఇంగ్లీష్ రాదు. ఇరవై తొమ్మిదేళ్ళ జర్మన్, ల్యాబ్‌లో మెషీన్లతో నెట్టుకొచ్చి, మెల్లగా భాష నేర్చుకున్నారు. మూడేళ్ళు అవగానే జర్మనీ వెళ్ళిపోయి, అక్కడ సరైన పోస్టు దొరక్క 1897లో మళ్ళీ వచ్చేశారు. మరుసటి ఏడాదికే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రెసిడెంట్. ఇంగ్లీష్ రాదని మొహమాటపడ్డ మనిషి పదేళ్ళు తిరిగేసరికి మ్యాగజైన్లలో జనం ఎగబడి చదివే వ్యాసాలు రాస్తున్నారు. హాస్టల్‌లో ఇంగ్లీష్ గురించి బెంగపడే ఫస్టియర్ వాళ్ళకి ఈ ముక్క చెప్పాలనిపించింది, అంతే. ఇక అసలు కథలోకి వెళ్దాం.

ఒక ఎండాకాలం ఆయన కుటుంబంతో సముద్రం ఒడ్డున ఉండగా ఊళ్ళో ఇంట్లో దొంగలు పడ్డారు. సామాను కొంత దొరికింది, దొంగ కూడా దొరికాడు. కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ప్రొఫెసర్‌గారే బోనెక్కారు. ప్రమాణం చేసి ఐదు సంగతులు చెప్పారు. దొంగలు సెల్లార్ కిటికీలోంచి దూరారు. రాత్రిపూటే వచ్చారు, ఎందుకంటే రెండో అంతస్తులో కొవ్వొత్తి మైనం చుక్కలు కనపడ్డాయి. మళ్ళీ వద్దామనుకున్నారు, ఎందుకంటే పెద్ద గడియారాన్ని ప్యాకింగ్ కాగితంలో చుట్టి డైనింగ్ టేబుల్ మీద వదిలి వెళ్ళారు. పోయిన బట్టల లిస్టు ఇంతే, ఇంతకుమించి ఏమీ పోలేదు. వచ్చినవాళ్ళు ఇద్దరు.

కొద్దిరోజులకే ఒక్కొక్కటీ తప్పని తేలింది. కిటికీ కాదు, సెల్లార్ తలుపు తాళం పగలగొట్టారు. మైనం చుక్కలు ఉన్నది అటక మీద. గడియారం చుట్టింది కాగితంలో కాదు, టేబుల్ క్లాత్‌లో. బట్టల లిస్టులో ఇంకో ఏడు తక్కువయ్యాయి. ఇద్దరు దొంగలు అన్నారు కానీ, ఒకడి కంటే ఎక్కువమంది వచ్చారనడానికి ఆయన దగ్గర ఆధారమే లేదు.

ఇక్కడ ఆయన జ్ఞాపకశక్తి ఎలాంటిదో కూడా చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలో మూడు వేల లెక్చర్ల దాకా చేతిలో ఒక్క కాగితం ముక్క లేకుండా చెప్పిన మనిషి. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, భయం లేదు, దొంగ మీద పగ కూడా పెద్దగా లేదు. చూసింది తన సొంత ఇల్లు. మరి ఎందుకు తప్పింది? ఆయనే కూర్చుని ఒక్కొక్క తప్పుకీ కారణం వెతుక్కున్నారు. ఎవరో అన్న మాట చూసినదానిలో కలిసిపోవడం, సామాను ప్యాక్ చేశారంటే కాగితంలోనే చేసి ఉంటారని ఊహ తనంతట తానే నింపేసుకోవడం, ఇలాంటివి. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చేది ఈ ఘట్టమే. వేరేవాళ్ళ మతిమరుపు మీద పుస్తకం రాయడం తేలిక. ఆయన తన కేసుతో మొదలుపెట్టారు.

మెమరీ అనగానే మన బ్రాంచి వాళ్ళకి హార్డ్ డిస్క్ గుర్తొస్తుంది. ఫైల్ పెట్టాం, ఎప్పుడు తెరిచినా అదే ఫైల్. మనిషి జ్ఞాపకానికి దగ్గరగా ఉండేది డీర్యామ్ అని నాకు అనిపిస్తుంది. దాంట్లో ఒక సెల్‌ని చదివితే అందులో ఉన్న ఛార్జ్ పోతుంది, మళ్ళీ రాయాలి. చిప్‌లో సర్క్యూట్ ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. మన తలలో మళ్ళీ రాసేటప్పుడు మధ్యలో పోలీసు అడిగిన ప్రశ్న, పక్కింటాయన చెప్పిన మాట, పేపర్లో వచ్చిన ఫోటో, అన్నీ కలిపి రాసేస్తాం. ఏది పాతది, ఏది కొత్తది అని చెప్పే టైమ్‌స్టాంప్ ఉండదు. మున్‌స్టర్‌బర్గ్‌కి కంప్యూటర్లు తెలియవు కానీ చెప్పింది దాదాపు ఇదే.

ఇది ఆయన ఒక్కరి ఆలోచన కూడా కాదు. జర్మనీలో విలియం స్టెర్న్, ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే అప్పటికే సాక్ష్యాల మీద ప్రయోగాలు చేస్తున్నారు. బెర్లిన్‌లో క్రిమినల్ లా చెప్పే ఫాన్ లిస్ట్ క్లాసులో జరిగింది మాత్రం సినిమా సీన్ లాంటిది. ఇద్దరు స్టూడెంట్స్ మాటామాటా అనుకుంటారు, ఒకడు రివాల్వర్ తీస్తాడు, ప్రొఫెసర్ మధ్యలోకి దూకుతాడు, పేలిన శబ్దం వస్తుంది. క్లాసంతా గందరగోళం. తర్వాత తెలుస్తుంది, ఇదంతా ముందే రాసుకుని రిహార్సల్ చేసిన నాటకమని. చూసినవాళ్ళని జరిగింది రాయమన్నారు. అందరికంటే బాగా రాసినవాడిలోనే 26 శాతం తప్పులు. అందరికంటే ఘోరంగా రాసినవాడిలో 80 శాతం. నోరు విప్పనివాళ్ళ నోట్లో మాటలు పెట్టారు, చేయని పనులు చేశారన్నారు, ముఖ్యమైనవి మొత్తానికే మర్చిపోయారు. గొడవ ముదిరిన రెండో సగంలో తప్పులు ఇంకా పెరిగాయి. భయంలో చూసింది మనసులో అచ్చు గుద్దినట్టు ఉంటుందని మనం అనుకుంటాం కదా, అక్కడ దానికి పూర్తి రివర్స్.

హార్వర్డ్‌లో తన క్లాసులో మున్‌స్టర్‌బర్గ్ తుపాకులు పేల్చలేదు. ఒక తెల్ల అట్ట మీద యాభై చిన్న నల్ల చదరాలు అంటించి, ఐదు సెకన్లు చూపించి, ఎన్ని ఉన్నాయని అడిగారు. జవాబులు 25 నుంచి 200 దాకా వచ్చాయి. రెండు టిక్కుల మధ్య పది సెకన్లు ఉంచి ఎంతసేపు అని అడిగితే, అర సెకను అన్నవాడూ ఉన్నాడు, నిమిషం అన్నవాడూ ఉన్నాడు. గుంపులో ఎంతమంది ఉన్నారు, కారు ఎంతసేపు ఆగింది అని కోర్టులో అడుగుతారే, ఆ ప్రశ్నలే ఇవి. పైగా ఎంత గట్టిగా నమ్మి చెబుతున్నాడు అన్నదానికీ, ఎంత సరిగ్గా చెబుతున్నాడు అన్నదానికీ లెక్క కుదరదని ఆయన పదేపదే రాశారు. కోర్టు అప్పటిదాకా ఒక్క ప్రమాదానికే కాపలా కాసింది, అది అబద్ధం. నిజాయితీగా, ప్రమాణం చేసి, తప్పు చెప్పేవాడి కోసం దాని దగ్గర ఏ ఏర్పాటూ లేదు.

ఇదంతా క్లాసులో ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. 1906లో షికాగో కేసు వచ్చింది. ఒక యువతి హత్యకి గురైంది. శవాన్ని మొదట చూసి చెప్పిన కుర్రాడు రిచర్డ్ ఐవెన్స్‌నే పోలీసులు పట్టుకుని ప్రశ్నించారు, అతను నేరం ఒప్పుకున్నాడు. తర్వాత అలా ఒప్పుకున్నట్టు తనకి గుర్తే లేదన్నాడు. ఆ టైముకి అతను వేరేచోట ఉన్నాడని చెప్పిన సాక్షులు ఉన్నారు. ఒప్పుకోలు మాత్రం ప్రతిసారీ కొత్త వివరాలతో పెరిగింది, అదీ అడిగేవాళ్ళు ఎటు తోస్తే అటు. షికాగోలో ఒక డాక్టర్ ఈ కాగితాలన్నీ మున్‌స్టర్‌బర్గ్‌కీ, విలియం జేమ్స్‌కీ పంపారు. ఈ ఒప్పుకోలు నిజం కాదు, బెదిరిన మనసులోకి ఎక్కించిన కథ అని ఇద్దరూ అభిప్రాయం చెప్పారు. మున్‌స్టర్‌బర్గ్ ఉత్తరం పేపర్లకి చేరింది. షికాగో పేపర్లు ఆయన్ని ఏకిపారేశాయి. ఎక్కడో హార్వర్డ్‌లో కూర్చున్న జర్మన్ ప్రొఫెసర్ మన జడ్జికి, మన జ్యూరీకి పాఠం చెప్తాడా అని. ఆ జూన్‌లో ఐవెన్స్‌ని ఉరి తీశారు.

మన దేశంలో 1872 ఎవిడెన్స్ యాక్ట్ ప్రకారం పోలీసు ఆఫీసర్ ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. ఇప్పటి కొత్త చట్టంలో కూడా ఆ రూల్ ఉంది. స్టేషన్లలో కొట్టి ఒప్పిస్తారన్న భయంతో పెట్టిన రూల్ అది. మున్‌స్టర్‌బర్గ్ పట్టుకున్నది ఇంకా సూక్ష్మమైన సంగతి. దెబ్బ పడకపోయినా, గంటలకొద్దీ అడిగితే, మనిషి తను చేయని పని చేశానని నమ్మే అవకాశం ఉంది అని.

మరుసటి ఏడాదే ఆయన దారి తప్పారు. ఐడహో రాష్ట్రంలో మాజీ గవర్నర్ స్ట్యూనెన్‌బర్గ్‌ని 1905 డిసెంబరులో ఇంటి గేటు దగ్గర బాంబు పెట్టి చంపారు. చంపింది హ్యారీ ఆర్చర్డ్. చేయించింది గని కార్మికుల యూనియన్ నాయకుడు బిగ్ బిల్ హేవుడ్ అని అతను చెప్పాడు. 1907లో బోయిసీ ఊళ్ళో కేసు నడిచింది. హేవుడ్ తరఫున వాదించినవాళ్ళల్లో క్లారెన్స్ డారో ఉన్నాడు, దేశమంతా అటే చూస్తోంది. ఒకవైపు గని యజమానులు, ఒకవైపు కూలీలు. ఆర్చర్డ్ నిజం చెబితే హేవుడ్ ఉరికంబం ఎక్కాలి.

మున్‌స్టర్‌బర్గ్ తన సామగ్రి తీసుకుని అక్కడికి వెళ్ళారు. జైల్లో ఆర్చర్డ్‌కి గంటల తరబడి టెస్టులు పెట్టారు. ఒక మాట చెప్పడం, దానికి తట్టిన మొదటి మాట చెప్పమనడం, జవాబుకి పట్టిన టైముని సెకనులో వెయ్యో వంతు దాకా కొలవడం. దాచుకునే విషయం తగిలినప్పుడు మనిషి కాస్త తడబడతాడు, టైము పెరుగుతుంది, అదీ లాజిక్. ఆర్చర్డ్ ఎక్కడా తడబడలేదు. తిరిగి వచ్చాక ప్రొఫెసర్ ఒక రిపోర్టర్‌తో మాట్లాడారు. ఆర్చర్డ్ చెప్పిందంతా నిజమేనని ఆయన తేల్చినట్టు వార్త వచ్చేసింది. అప్పటికి జ్యూరీ ఇంకా తీర్పే ఇవ్వలేదు!

జులై నెలాఖరులో హేవుడ్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. ప్రొఫెసర్‌గారు ఈ కేసు మీద రాసిన పెద్ద వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత మాట కొంచెం సర్దుకున్నారు. తన టెస్టు తేల్చింది ఆర్చర్డ్ తను చెప్పేదాన్ని నమ్ముతున్నాడని మాత్రమేనట. కానీ నమ్మి చెప్పడం వేరు, నిజం వేరు అని దేశమంతటికీ చెప్పుకుంటూ తిరిగింది ఆయనే కదా! ఆ తేడా ఆ రిపోర్టర్ ముందు ఎందుకు గుర్తు రాలేదో నాకు అంతుపట్టదు. దొంగతనం కేసులో తన తప్పుని అంత చక్కగా విప్పి చూపించిన మనిషి, చేతిలో మెషీన్ ఉండేసరికి మెషీన్‌ని నమ్మేశాడు. డెబ్భై శాతం యాక్యురసీ చూసి మోడల్ పనిచేస్తోందని ఎగిరే మా బ్యాచ్‌కి ఆయన్ని ఎగతాళి చేసే అర్హత ఉందా అంటే, చెప్పలేను.

1908లో వ్యాసాలన్నీ కలిపి 'ఆన్ ద విట్‌నెస్ స్టాండ్' పుస్తకంగా వచ్చాయి. బాగా అమ్ముడుపోయింది. చేతిరాతకి, రక్తానికి, విషానికి నిపుణులని పిలుస్తారు, జ్ఞాపకానికి మాత్రం ఎందుకు పిలవరు అన్నది దాని గోల. లాయర్లు మొండివాళ్ళు, వాళ్ళకి సైకాలజీ అక్కర్లేదట అని దెప్పిపొడుపులు కూడా బాగానే ఉన్నాయి. వాళ్ళకి ఒళ్ళు మండింది.

జవాబిచ్చింది జాన్ హెన్రీ విగ్మోర్. సాక్ష్య చట్టంలో అమెరికాలో అంతటివాడు లేడు. 1909లో ఆయన ఒక ఉత్తుత్తి కోర్టు కేసు రాశాడు. లాయర్లందరూ కలిసి ప్రొఫెసర్ మీద పరువునష్టం దావా వేస్తారు, బోనెక్కించి అడుగుతారు. అయ్యా, మీరు చెప్పే ఈ ప్రయోగాలు ఏ భాషలో ఉన్నాయి? చాలావరకు జర్మన్‌లో. మా లాయర్లు చదివే పత్రికల్లో ఎప్పుడైనా వచ్చాయా? రేపు కోర్టులో ఈ సాక్షి కరెక్టా, ఆ సాక్షి కరెక్టా అని తేల్చే పద్ధతి ఒక్కటి సిద్ధంగా ఉందా? జ్యూరీ చివరికి ఒక్క డాలరు జరిమానా వేస్తుంది. నవ్విస్తూనే చాచి కొట్టాడు. న్యాయంగా చూస్తే విగ్మోర్ అడిగిన చివరి ప్రశ్నకి మున్‌స్టర్‌బర్గ్ దగ్గర జవాబు లేదు. సాక్షులు మొత్తం మీద ఇంత తప్పుతారు అని చెప్పగలడు, బోనులో ఉన్న ఈ ఒక్క సాక్షి తప్పాడా లేదా అన్నది చెప్పలేడు. ఆ సమస్య ఇప్పటికీ అలాగే ఉంది. తమాషా ఏంటంటే, నాలుగేళ్ళ తర్వాత సాక్ష్యాల మీద తను తెచ్చిన పెద్ద పుస్తకంలో సైకాలజీకి విగ్మోరే బోలెడు చోటిచ్చాడు.

మున్‌స్టర్‌బర్గ్ ఆ తర్వాత వేరే పనుల్లో పడ్డారు. ట్రామ్ డ్రైవర్లలో ఎవరు యాక్సిడెంట్లు చేయరో ముందే కనిపెట్టే టెస్టులు, ఫ్యాక్టరీల సైకాలజీ, 1916లో సినిమా మీద ఒక పుస్తకం. ఫ్లాష్‌బ్యాక్ అంటే తెర మీద జ్ఞాపకమే అని ఆయన అందులో వివరించారు. మన సినిమాల్లో సాక్షి బోనెక్కి చెప్పడం మొదలుపెట్టగానే ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, చొక్కా రంగుతో సహా అంతా క్లియర్‌గా ఉంటుంది. తన పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఉంటే ఆయనకి నవ్వొచ్చేదేమో.

ఒప్పుకోవాల్సిన చెడ్డ సంగతి ఒకటుంది. జ్యూరీలో కూర్చోవడానికి ఆడవాళ్ళు పనికిరారని ఆయన రాశారు. చుక్కల అట్టలు చూపించి, చర్చ తర్వాత మగ స్టూడెంట్స్ అభిప్రాయం మార్చుకుని మెరుగయ్యారు, ఆడ స్టూడెంట్స్ మారలేదు అన్నది ఆయన ఆధారం. అంత చిన్న ప్రయోగం మీద అంత పెద్ద మాట! కొన్నేళ్ళకి ఇంకొకరు మళ్ళీ చేసి చూస్తే ఆ తేడా నిలబడలేదు. చిత్రం ఏంటంటే ఇదే మనిషి, తన ల్యాబ్‌లో పనిచేసిన మేరీ కాల్కిన్స్‌కి డాక్టరేట్ ఇవ్వమని హార్వర్డ్‌తో పోట్లాడాడు. ఆడమనిషి అని హార్వర్డ్ ఇవ్వలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన్ని ముంచేసింది. ఇరవై ఏళ్ళకి పైగా అమెరికాలో బతికినా జర్మన్ పౌరుడిగానే ఉన్నారు. 1914 నుంచి జర్మనీ వైపు వాదిస్తూ రాస్తూనే ఉన్నారు. స్నేహితులు మాట్లాడటం మానేశారు. గూఢచారి అన్నారు. ఈయన్ని తీసేయకపోతే హార్వర్డ్‌కి ఇద్దామనుకున్న కోటి డాలర్లు ఇవ్వనని ఒక పాత విద్యార్థి బెదిరించాడు. యూనివర్సిటీ తీసేయలేదు. 1916 డిసెంబర్ 16 ఉదయం చలిలో నడుచుకుంటూ ర్యాడ్‌క్లిఫ్ కాలేజీకి వెళ్ళారు. అది ఆడపిల్లల కాలేజీ. పాఠం మొదలుపెట్టి, ఒక వాక్యం మధ్యలో కుప్పకూలిపోయారు. యాభై మూడేళ్ళు.

ఆయన ల్యాబ్‌లో పనిచేసిన కుర్రాడు విలియం మార్‌స్టన్ బీపీ కొలిచి అబద్ధాలు పట్టే టెస్టు తయారుచేశాడు. 1923లో వాషింగ్టన్ కోర్టు దాన్ని కొట్టిపారేసింది. తర్వాత అతనే వండర్ వుమన్ కామిక్స్ సృష్టించాడు, ఆవిడ తాడుతో కడితే ఎవరైనా నిజం చెప్పాల్సిందే. కోర్టు ఒప్పుకోని మెషీన్ కామిక్స్‌లో ఒప్పుకున్నారన్నమాట. మన సుప్రీం కోర్టు కూడా 2010లో సెల్వి కేసులో, నార్కో, పాలిగ్రాఫ్ లాంటి టెస్టులు మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని చెప్పింది.

సాక్షుల జ్ఞాపకం సంగతి మాత్రం ఆయన పోయాక చాలాకాలం పక్కన పడిపోయింది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ తన జూనియర్‌తో కలిసి స్టూడెంట్స్‌కి కారు యాక్సిడెంట్ల ఫిల్ములు చూపించారు. కార్లు తగిలినప్పుడు స్పీడెంత అని కొందరిని, గుద్దుకుని నుజ్జయినప్పుడు స్పీడెంత అని కొందరిని అడిగారు. ఫిల్ములు అవే. తగిలినప్పుడు అన్నవాళ్ళ సగటు గంటకి 34 మైళ్ళు, నుజ్జు అన్నవాళ్ళది దాదాపు 41. ఆ తర్వాత డీఎన్‌ఏ వచ్చింది. ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నవాళ్ళు నిర్దోషులని అమెరికాలో ఒక్కొక్క కేసే బయటపడింది. వాటిలో సగానికి పైగా కేసుల్లో, బోనెక్కి వేలు చూపించి ఇతనే అన్న సాక్షి ఒకరు ఉన్నారు. వాళ్ళలో చాలామంది అబద్ధం చెప్పలేదు. ఐవెన్స్ కేసులో డీఎన్‌ఏ లేదు, తేల్చడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు.